గేటు వెడల్పెంత? క్యాంపస్‌లో రాజకీయ సభ గురించి ఒక ప్రసంగం

విద్యార్థి సంఘాల కార్యకర్తలకూ, వార్డెన్లకూ, భద్రతా సిబ్బందికీ కలిపి జరిపిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ముందు రెండు వరసలూ ఖాళీయే. రండి, పర్వాలేదు. ఎక్కడికెళ్లినా ఇంతే, ముందు వరస పెద్దవాళ్లదనుకుని ఎవరూ కూర్చోరు. ఈ ఖాళీ వరస సంగతి తర్వాత మళ్లీ చెప్తాను, మరిచిపోతే గుర్తుచేయండి.

ఈ గదిలో మూడు రకాలవాళ్లున్నారు. సభ పెట్టాలనుకునే పిల్లలు. పర్మిషన్ ఇవ్వాలా వద్దా అని ఫైలు ముందేసుకుని కూర్చునే అధికారులు. ఆ రోజు గేటు దగ్గర నిలబడి ఇద్దరిచేతా మాటలు పడే సెక్యూరిటీ సిబ్బంది. ముగ్గురూ ఒకే గదిలో కూర్చోవడం మామూలుగా గొడవ జరిగిన మర్నాడు జరుగుతుంది. ఇవాళ ముందే కూర్చున్నాం, సంతోషం.

ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ ఓపెన్ ఆడిటోరియం గేటు వెడల్పెంత? చెప్పండి. ఎవరైనా? సరే, వదిలేయండి. పోయిన నెల సభకు వచ్చిన వక్త ఏ పార్టీ? చూశారా, అది అందరికీ తెలుసు. వక్త గురించి మూడు ఉత్తరాలు నడుస్తాయి. డీన్ నుంచి రిజిస్ట్రార్‌కి, రిజిస్ట్రార్ నుంచి వీసీకి, వీసీ నుంచి ఏసీపీకి. గేటు గురించి ఒక్క ఉత్తరం నడవదు. నేను ఈ గంటలో చెప్పబోయేదల్లా, ఆ వరస తిరగేయమనే. వక్త ఏం మాట్లాడతాడన్న దాని మీద మీ కష్టం తగ్గించి, జనం ఎట్లా వస్తారు, ఎట్లా పోతారు, మైకు ఎవరి చేతిలో ఉంటుంది, ఎదుటి పక్షం ఎక్కడ నిలబడుతుంది, వీటి మీద పెట్టండి.

ముందు చట్టం. త్వరగా చెప్పేసి నేల మీదికి దిగుదాం.

రాజ్యాంగంలో 19వ అధికరణం. 19(1)(ఎ) మాట్లాడే స్వేచ్ఛ. 19(1)(బి) శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే స్వేచ్ఛ. రెంటికీ హద్దులున్నాయి, కానీ ఒకే హద్దులు కావు. మాటకు 19(2)లో చాలా కారణాలు రాశారు. సభకు 19(3)లో ఉన్నవి రెండే: దేశ సార్వభౌమత్వం, సమగ్రత ఒకటి, శాంతిభద్రతలు రెండోది. "సంస్థ ప్రతిష్ఠ దెబ్బతింటుంది" అనేది అందులో ఎక్కడా లేదండి. పర్మిషన్ నిరాకరించే ఉత్తరాల్లో మాత్రం ఆ మాటే ఎక్కువ కనబడుతుంది.

ఇంకోవైపు కూడా చెప్పాలి, పిల్లలు వినండి. 1969లో రైల్వే బోర్డుకూ నిరంజన్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఏమంది? సభ పెట్టుకునే హక్కుంది కదా అని ఇంకొకరి ఆవరణలో, వాళ్లు వద్దన్నా పెట్టుకునే హక్కు లేదంది. కాబట్టి యూనివర్సిటీ తన స్థలం మీద నియమాలు పెట్టుకోవచ్చు. మరి ఆ నియమం ఎట్లా ఉండాలి? 1972లో హిమ్మత్‌లాల్ షా కేసు. అహ్మదాబాద్‌లో వీధి సభకు పోలీసు అనుమతి కావాలన్న నియమం. నియమం ఉండటం తప్పు కాదు, కానీ ఏ ప్రాతిపదిక మీద ఇస్తారో, ఏ ప్రాతిపదిక మీద కాదంటారో రాయకుండా అంతా అధికారి ఇష్టానికి వదిలేశారని రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. యాభై ఏళ్లు దాటింది. ఇవాళ్టికీ మన క్యాంపస్ నియమావళుల్లో "సముచితమని భావించినచో" అనే మాట తీరిగ్గా కూర్చునే ఉంది.

మన దగ్గర ఉదాహరణ కావాలా? 2022 డిసెంబర్ 28, కందుకూరు. రోడ్డు మీద ఒక పార్టీ సభ, తోపులాట, జనం పక్కనున్న కాలవలో పడ్డారు, ఎనిమిది మంది పోయారు. నాలుగు రోజులకు గుంటూరులో ఇంకో ముగ్గురు. వెంటనే ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది, రోడ్ల మీద సభలు, ర్యాలీలు బంద్. 2023 మేలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఇప్పుడు ఆలోచించండి. ఆ సాయంత్రం ప్రాణాలు తీసింది ఏమిటి? ఉపన్యాసమా? ఇరుకు రోడ్డు, పక్కన కాలవ. జీవో ఆపింది దేన్ని? సభను. కాలవ మీద పలకలు వేయమని చెప్పే జీవో వచ్చి ఉంటే ఎవరూ కోర్టుకు వెళ్లేవాళ్లు కాదు.

క్యాంపస్‌లో కూడా ఇదే కథ. ఉస్మానియాలో 2021లో పాలకమండలి రాజకీయ సభలు వద్దని తీర్మానం చేసింది. మరుసటేడు రాహుల్ గాంధీ వస్తానంటే ఆ తీర్మానం చూపించి కాదన్నారు, హైకోర్టు దాకా వెళ్లింది, చివరికి సభ జరగలేదు. 2025 మార్చిలో ధర్నాలు, నినాదాలు వద్దంటూ సర్క్యులర్ వచ్చింది. ఏ క్యాంపస్‌లో? 1938లో హాస్టల్లో వందేమాతరం పాడారని పిల్లల్ని బయటికి పంపితే, వాళ్లు నాగపూర్ వెళ్లి చదువుకున్న క్యాంపస్‌లో. అప్పుడు పాట వద్దన్నారు, ఇప్పుడు నినాదం వద్దంటున్నారు. అప్పుడు పంపినవాళ్లలో పీవీ నరసింహారావు ఒకరు. నేను ఎవరి పక్షానా మాట్లాడటం లేదు. మొత్తంగా నిషేధిస్తే ఏమవుతుందో చెప్తున్నాను. సభ ఆగదు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, లైబ్రరీ ముందు, మైకు లేకుండా, వాలంటీర్లు లేకుండా, బాధ్యుడెవరో తెలియకుండా జరుగుతుంది. జంతర్ మంతర్ దగ్గర అన్ని ధర్నాలూ ఆపేస్తే 2018లో సుప్రీంకోర్టు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కేసులో చెప్పింది ఇదే: పూర్తి నిషేధం కుదరదు, నియమాలు రాయండి అంది. రెండేళ్లకు షాహీన్‌బాగ్ కేసులో, దారి మూసేసి ఎన్నాళ్లైనా కూర్చుంటామంటే అదీ కుదరదంది. రెండూ కలిపి చదవాలి. ఎవరికి నచ్చింది వాళ్లు చదువుకుంటే కుదరదు.

సరే. ఇక దరఖాస్తు ఫారం.

మీ ఫారంలో ఏం అడగాలి? తేదీ. మొదలయ్యే టైమూ, ముగిసే టైమూ, రెండూ. స్థలం. ఎంతమంది వస్తారని అంచనా. బయటి వక్తల పేర్లు. బయటి నుంచి బస్సులొస్తాయా, ఎన్ని. స్టేజీ పొడవు, వెడల్పు. సౌండ్ ఎవరిది, టెంట్ హౌస్ ఎవరిది. జనరేటర్ ఉందా. ఆ రోజు మొత్తం ఫోన్ ఎత్తే బాధ్యుడు ఒకరు, ఆయన లేకపోతే ఇంకొకరు. ఇంతే.

ఏం అడగకూడదు? ప్రసంగ పాఠం ముందే ఇమ్మనకూడదు. "ప్రభుత్వాన్ని విమర్శించబోమని హామీ" రాయించుకోకూడదు. ఇంకోటి, వక్త వివాదాస్పదుడైతే సెక్యూరిటీ డిపాజిట్ పెంచడం. ఇది చాలాచోట్ల మర్యాదగా నడిచే నిషేధం. డిపాజిట్ హాలు సైజును బట్టి ఉండాలి, మనిషిని బట్టి కాదు. లేకపోతే ఏమవుతుందో తెలుసా? ఎవరి మీదైనా గొడవ చేస్తామని బెదిరిస్తే చాలు, అతని సభ ఖర్చు పెరుగుతుంది. బెదిరించినవాడికి పైసా ఖర్చు లేదు. 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది, గొడవ చేస్తామన్న బెదిరింపును చూసి మాటను ఆపడమంటే బెదిరించినవాళ్లకు లొంగిపోవడమే, ఎదురుతిరిగిన జనాన్ని అదుపు చేయడం ప్రభుత్వం పని అని.

టైములు ఎట్లా పెట్టుకోవాలి? నా లెక్క ఏడు పనిదినాల ముందు దరఖాస్తు, మూడు పనిదినాల్లో జవాబు. కాదంటే కాగితం మీద కారణం రాయాలి. ఆ కారణం పక్కనే ఇంకో స్థలమో, ఇంకో టైమో ఇవ్వాలి. "పరీక్షలున్నాయి కాబట్టి లైబ్రరీ ముందు వద్దు, జిమ్నాజియం గ్రౌండ్‌లో 5 నుంచి 7 వరకు పెట్టుకోండి." ఇది జవాబు. "పరిశీలనలో ఉంది" అనేది జవాబు కాదు. సభ ముందురోజు సాయంత్రం ఐదింటికి కాదనడం అన్నిటికంటే ప్రమాదం. ఎందుకు? పోస్టర్లు అంటించేశారు, బస్సులు మాట్లాడేశారు, జనం వచ్చేస్తారు. వచ్చిన జనానికి స్థలం లేదు, మైకు లేదు. మీరు రద్దు చేసింది సభను కాదు, సభ ఏర్పాట్లను.

ఒక్కోసారి ఏడు రోజులు ఆగే వీలుండదు. హాస్టల్లో ఒక విద్యార్థి చనిపోయాడనుకోండి. ఆ రాత్రే జనం చేరతారు. ఫారం ఎవరు నింపుతారు? అందుకని ప్రతి క్యాంపస్‌లో ఒక చోటు ముందే రాసిపెట్టాలి: ఇక్కడ రెండు వందల మంది వరకు, సౌండ్ బాక్సులు లేకుండా, ముందస్తు అనుమతి అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. లైటు ఉండాలి, తాగే నీళ్లుండాలి, అంబులెన్స్ వచ్చే దారి ఉండాలి. ఆ చోటు పరిపాలన భవనానికి కనబడేంత దూరంలో ఉండాలి. పశువుల దొడ్డి వెనక చోటిస్తే ఎవరూ వెళ్లరు. నిరసన ఎవరికి వినపడాలో వాళ్లకు వినపడకపోతే ఇంక దేనికి?

ఇప్పుడు గేటు దగ్గరికొద్దాం. పెన్నూ కాగితం తీయండి.

40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు గ్రౌండ్ అనుకోండి. వెయ్యి చదరపు మీటర్లు. మన నిర్వాహకులు ఏం చేస్తారు? వెయ్యిని నాలుగుతో హెచ్చించి "నాలుగు వేల మంది పడతారు సార్" అంటారు. పట్టరు. స్టేజీ తీసేయండి. స్టేజీ ముందు డీ తీసేయండి, అంటే బారికేడ్లు కట్టి ఖాళీగా ఉంచే జాగా. మధ్య దారి రెండు మీటర్లు, పక్క దారులు ఒకటిన్నర చొప్పున. సౌండ్ టేబుల్, కెమెరాలవాళ్ల చోటు, నీళ్ల క్యాన్లు. మిగిలేది ఆరు వందలు. ప్లాస్టిక్ కుర్చీ, మోకాళ్లకు జాగా కలిపి అర చదరపు మీటరు. అంటే పన్నెండు వందల మంది. నాలుగు వేలు కాదు, పన్నెండు వందలు.

కుర్చీలు తీసేసి నిలబెడితే? చదరపు మీటరుకు నలుగురు వరకు పర్వాలేదు, చేతులు కదులుతాయి. ఐదారుగురు దాటితే మనిషి తన ఇష్టం మీద కదలలేడు, జనంతో పాటు కదులుతాడు. అక్కడి నుంచి ఎవరి తప్పూ ఉండదు, ఎవరి చేతిలోనూ ఉండదు. ఊపిరాడక పోతారు. తొక్కిసలాట అంటాం కానీ చాలామంది కాళ్లకింద పడి కాదు, నిలబడే పోతారు, ఛాతీ మీద ఒత్తిడికి.

ఇక బయటికి పోవడం. బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు వాడే లెక్క ఒకటుంది: సమతలం మీద ఒక మీటరు వెడల్పు దారిలో నిమిషానికి 82 మంది పోగలరు. మెట్లైతే 66. మీకు రెండు మీటర్ల గేట్లు రెండున్నాయి. నాలుగు మీటర్లు, నిమిషానికి 328 మంది. పన్నెండు వందల మంది నాలుగు నిమిషాల లోపు ఖాళీ. బాగుంది కదా?

కానీ ఆ రోజు ఏం జరుగుతుంది? బయటివాళ్లు రాకుండా ఒక గేటుకు తాళం వేస్తారు. రెండో గేటుకు ఒక తలుపే తెరుస్తారు, ఐడీ కార్డులు చూడాలి కదా మరి. మిగిలింది ఒక మీటరు. ఇప్పుడు చెప్పండి, ఎన్ని నిమిషాలు? పదిహేను. నాలుగు నిమిషాలది పదిహేనయింది. వర్షం వచ్చినా, షామియానా మీద నిప్పు పడ్డా, ఎవరో పాము పామని అరిచినా, ఆ పదిహేను నిమిషాలు ఎవరూ ఆగరు. గేటు దగ్గర ఒకరు పడితే ఆ 82 కూడా ఉండదు, సున్నా అవుతుంది.

కాబట్టి సెక్యూరిటీ అన్నలు ఇది రాసుకోండి. లోపలికి రావడం ఆపొచ్చు, బయటికి పోవడం ఎప్పుడూ ఆపకూడదు. గేటుకు తాళం వేయాల్సి వస్తే తాళంచెవి ఆ గేటు దగ్గరే నిలబడ్డ మనిషి జేబులో ఉండాలి, కంట్రోల్ రూమ్‌లో మేకుకు కాదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. మడత గేట్లు, అదే చానల్ గేట్లు, జనం ఒత్తిడి పడితే జరగవు, వాటిని ముందే పూర్తిగా తీసి కట్టేయాలి. గేటు బయట బైకులు పెట్టనివ్వద్దు. మూతల్లేని డ్రైనేజీ ఉంటే పలక వేయండి, పలక దొరక్కపోతే బారికేడ్ పెట్టి ఒక మనిషిని నిలబెట్టండి. జనరేటర్ వైరు దారికి అడ్డంగా పోతుంటే పైనుంచి కట్టండి, కింద వేయక తప్పకపోతే చాప పరిచి అంచులకు టేపు వేయండి. కుర్చీలు నాలుగేసి కలిపి తాడుతో కట్టమని టెంట్ హౌస్ వాళ్లకు చెప్పండి. విడి కుర్చీ పరిగెత్తేవాడి కాళ్లలో పడుతుంది, కోపమొచ్చినవాడి చేతిలోకి కూడా వస్తుంది.

ముందు వరస సంగతి గుర్తుందా? రెండు వరసలు వీఐపీలకని ఖాళీగా పెడతారు. వెనక మూడు వందల మంది నిలబడి ఉంటారు. నాయకుడు స్టేజీ ఎక్కగానే ఆ మూడు వందల మందికీ ఆ ఖాళీ కనబడుతుంది. అప్పుడు మొదలవుతుంది తోపులాట. సభ మొదలవడానికి పది నిమిషాల ముందు, రాని వీఐపీల కుర్చీలు నిలబడ్డవాళ్లకు ఇచ్చేయండి. వచ్చే పెద్దమనిషికి పక్కన ఒక కుర్చీ వేస్తే సరిపోతుంది.

ఆలస్యం గురించి గట్టిగా చెప్పాలి. 2025 సెప్టెంబర్‌లో తమిళనాడులోని కరూర్‌లో నలభై ఒక్క మంది చనిపోయారు. మధ్యాహ్నం నుంచి ఎదురుచూసిన జనం, నాయకుడు వచ్చేసరికి రాత్రి ఏడు. ఎండ, దాహం, ఆకలి, పైగా ఇప్పుడొస్తున్నారు, అప్పుడొస్తున్నారు అంటే ఎవరూ కదలరు, కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. క్యాంపస్‌లో అంత జనం ఉండరు, కానీ లెక్క అదే. అందుకని గేట్లు గంట ముందు తెరవండి, మూడు గంటల ముందు కాదు. అరగంట దాటినా ముఖ్య వక్త రాకపోతే మిగతావాళ్లతో సభ మొదలుపెట్టండి. గంట దాటితే నిజం చెప్పండి: "ఆయన ఉప్పల్ దగ్గర ఉన్నారు, ఇంకో నలభై నిమిషాలు పడుతుంది, వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు." నిర్వాహకులకు ఇది ప్రాణసంకటం, నాకు తెలుసు. జనం వెళ్లిపోతారని భయం. కొందరు వెళ్లిపోవాలి, అదే మనకు కావలసింది.

నీళ్లు. పన్నెండు వందల మంది, రెండు గంటలు, మనిషికి అర లీటరు. ఆరు వందల లీటర్లు, ఇరవై లీటర్ల క్యాన్లు ముప్పై. అన్నీ స్టేజీ పక్కన పెట్టకండి. నాలుగు మూలలా పెట్టండి, లేకపోతే నీళ్ల కోసమే ఒక తోపులాట. వాలంటీర్లు యాభై మందికి ఒకరు. ఇరవై నాలుగు మంది. వాళ్లకు ఒకే రంగు టోపీయో, చొక్కా మీద బ్యాడ్జీయో. పార్టీ కండువా మాత్రం వద్దు, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

మైకు. నా దృష్టిలో సభలో ఆయుధం లాంటిది ఏదైనా ఉంటే అది మైకే. రెండు మైకులు పెట్టండి. స్టేజీ మీద స్టాండుకు ఒకటి. ప్రశ్నలకు ఇంకోటి, కార్డ్‌లెస్, అది ఎప్పుడూ వాలంటీర్ చేతిలోనే ఉంటుంది. అడిగేవాడి నోటి దగ్గర పెట్టాలి కానీ చేతికివ్వకూడదు. చేతికిస్తే అది ప్రశ్న కాదు, ఇంకో ఉపన్యాసం. లాక్కోబోతే తోపులాట. ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం. అధ్యక్షత వహించేవాళ్లు ఆ నియమం మొదట్లోనే చెప్పాలి, నచ్చని ప్రశ్న వచ్చాక చెబితే ఎవరూ ఒప్పుకోరు.

యాంప్లిఫైయర్ దగ్గర కూర్చునే అబ్బాయి టెంట్ హౌస్ మనిషి. గొడవ మొదలైతే అతని చుట్టూ పది మంది చేరి "ఆపేయ్" అంటారు, ఇంకో పది మంది "ఆపావో చూడు" అంటారు. పాపం అతనేం చేస్తాడు? అతనికి సభకు ముందే ఒక్క మనిషిని చూపించండి, ఈయన చెబితేనే ఆపాలి అని. ఆ మనిషి అతని పక్కనే కూర్చోవాలి. అధికారులకు ఇంకో మాట. గొడవ అవుతుంటే మీరు మొదట చేసే పని కరెంటు తీయించడం. అది చివరి పని. మైకు పోతే "అందరూ ఎడమ గేటు వైపు నెమ్మదిగా నడవండి" అని చెప్పడానికి మీ దగ్గర ఏముంది? ఛార్జింగ్ పెట్టిన మెగాఫోన్లు రెండు, ఒకటి స్టేజీ మీద, ఒకటి గేటు దగ్గర, తప్పనిసరి.

సౌండ్ ఎంత? శబ్ద కాలుష్య నియమాలు, 2000 సంవత్సరంవి. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట వాడకూడదు. విద్యాసంస్థ చుట్టూ నిశ్శబ్ద మండలం ప్రకటించి ఉంటే పగలు 50 డెసిబెల్, రాత్రి 40. యాభై అంటే మనం మామూలుగా మాట్లాడుకునే స్థాయి. కాబట్టి మీ స్థలం ఆ మండలంలో ఉందో లేదో ముందు కనుక్కోండి. ఏదేమైనా పెద్ద బాక్సులు స్టేజీకి అటూ ఇటూ పేర్చడం మానేసి, చిన్న కాలమ్ బాక్సులు గ్రౌండ్ పొడవునా తక్కువ సౌండ్‌తో పెట్టించండి. వెనకవాళ్లకు మాట స్పష్టంగా వినపడుతుంది, లైబ్రరీలో చదువుకునేవాడికి వినపడదు. వినపడితే వెనకవాళ్లు ముందుకు తోసుకురారు కూడా.

అసలు చిక్కు ఇప్పుడు. ఎదుటి పక్షం.

వక్తకు మాట్లాడే హక్కుంది. నచ్చనివాళ్లకు నచ్చలేదని చెప్పే హక్కూ ఉంది. వక్త మాట వినపడకుండా చేసే హక్కు ఎవరికీ లేదు. ఈ మూడింటి మధ్య గీత ఎక్కడ? నేను చెప్పే గీత ఇది. నల్ల రిబ్బన్ కట్టుకోవచ్చు. లేచి వెళ్లిపోవచ్చు. ప్లకార్డు పట్టుకుని పక్క దారుల గోడ వెంబడి నిలబడొచ్చు, వెనకవాళ్లకు అడ్డం కానంతవరకు. ప్లకార్డుకు కర్ర ఉండకూడదు, అట్టముక్క చేత్తో పట్టుకోవాలి. వక్త మాటకు ఒకసారి "అబద్ధం" అని అరిస్తే అది సభలో మామూలే, మన అసెంబ్లీలలో ఇంతకంటే ఎక్కువే జరుగుతుంది. ఆగకుండా అరుస్తూ ఉంటే అది వేరు.

అప్పుడు మెట్లు మెట్లుగా వెళ్లండి. మొదటి రెండు నిమిషాలు ఎవరూ ఏమీ చేయకండి. చాలావరకు రెండు నిమిషాల్లో గొంతులు అలిసిపోతాయి, ఫోన్‌లో వీడియో దొరుకుతుంది, కూర్చుంటారు. ఆగకపోతే అధ్యక్షులు మైకులో: "మీ అభ్యంతరం విన్నాం, మొదటి ప్రశ్న మీకే ఇస్తాం." నిజంగా ఇవ్వాలి మరి. అప్పటికీ ఆగకపోతే ఒక హెచ్చరిక, అందరికీ వినపడేలా. ఆ తర్వాతే బయటికి పంపడం. ఎవరు పంపాలి? యూనివర్సిటీ సిబ్బంది, ఇద్దరేసి. ఆడపిల్లలైతే మహిళా సిబ్బంది. నిర్వాహకుల వాలంటీర్లు ఒక్క చెయ్యి కూడా వేయకూడదు. అందుకే కండువా వద్దన్నాను. కండువా వేసుకున్నవాడు ఎదుటి సంఘం కుర్రాణ్ని రెక్క పట్టుకుని లాగిన క్షణం అది భద్రత కాదు, రెండు పార్టీల కొట్లాట. ఆ రాత్రే హాస్టల్లో రెండో భాగం ఉంటుంది.

పోటీ సభకు కూడా ఫారం నింపమనండి, ఇవ్వండి. అదే రోజు, అదే టైమైనా ఇవ్వండి. కనీసం వంద మీటర్ల ఎడం, వేరే గేటు, బాక్సులు ఒకదానికొకటి వీపు తిప్పి. ముగిసే టైముల మధ్య ఇరవై నిమిషాల తేడా. ఈ ఇరవై నిమిషాలు చాలా ముఖ్యం. సభ జరుగుతున్నంతసేపు గొడవ తక్కువ. రెండు గుంపులూ ఒకేసారి బయటికొచ్చి ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తాయి చూడండి, అక్కడ జరుగుతుంది.

మాట ఎప్పుడు నేరమవుతుంది? ఇది పోలీసులూ తెలుసుకోవాలి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు మూడు మెట్లు చెప్పింది: చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా హక్కే. మూడోదానికి వచ్చాకే చట్టం. 1995లో బల్వంత్ సింగ్ కేసులో, అలజడి ఏమీ లేని చోట ఒకట్రెండుసార్లు నినాదాలు చేసినందుకు పడ్డ రాజద్రోహం కేసును కొట్టేసింది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, మాటను గుండెనిబ్బరం ఉన్న మనిషి కొలతతో చూడాలి, ప్రతిదానికీ బెదిరిపోయేవాడి కొలతతో కాదంది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న ఇలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేసే వీలు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173లో ఉంది కదా, వాడండి అంది. కాబట్టి అధికారులూ, మీ పని అక్కడికక్కడ తీర్పు చెప్పడం కాదు. మొత్తం సభను మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి, ముక్కలు కాదు. స్టేజీ వైపు ఒక కెమెరా, జనం వైపు ఒకటి. "వాడు ఇట్లా అన్నాడు" అని మర్నాడు పదిహేను సెకన్ల వీడియో తిరుగుతుంది. పూర్తి రికార్డు మీ దగ్గర ఉంటే దానికి ముందూ వెనకా ఏముందో చూపించగలరు. ఒక నెల దాచండి, ఫిర్యాదు వస్తే అది తేలేవరకు దాచండి.

పోలీసులు. వీసీ అనుమతి లేకుండా క్యాంపస్‌లోకి రాకూడదని చట్టం ఉందని పిల్లలు నమ్ముతారు. అది ఆనవాయితీ, మంచి ఆనవాయితీ, కానీ నేరం జరుగుతుంటే రావడాన్ని అది ఆపదు. జనం గుమిగూడొద్దని ఉత్తర్వులిచ్చే పాత 144 సెక్షన్ ఇప్పుడు ఆ కొత్త సంహితలో 163 అయింది. అది రాతలో, కారణాలతో ఉండాలి, మామూలుగా రెండు నెలలు దాటకూడదు. ఊరికే "సెక్షన్ అమల్లో ఉంది" అంటే ఉత్తర్వు కాపీ అడగండి, మర్యాదగా. ముందస్తు అరెస్టు సెక్షన్ 170 కింద అయితే 24 గంటలు దాటి ఉంచకూడదు. చెల్లాచెదురు కమ్మని చెప్పాల్సి వస్తే మేజిస్ట్రేటో, కనీసం ఎస్సై స్థాయి పోలీసు అధికారో చెప్పాలి, మైకులో, తెలుగులో, ఏ దారిన పోవాలో చూపించి, పోవడానికి టైమిచ్చి. మూసిన గేటు వైపు జనాన్ని తరమకూడదు. లాఠీ ఎత్తేముందు గేటు చూసుకోండి.

విద్యార్థి ఎన్నికలున్న క్యాంపస్‌లకు ఒక్క మాట. లింగ్డో కమిటీ సిఫార్సులు 2006 నుంచి సుప్రీంకోర్టు ఆదేశంతో అమల్లో ఉన్నాయి. అభ్యర్థి ఖర్చు ఐదు వేలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే, ప్రచారానికి లౌడ్‌స్పీకర్లు, వాహనాలు వద్దు. ఫ్లెక్సీల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు, గోడలు చూస్తే తెలుస్తుంది.

టైమైపోయింది. ప్రశ్నలు కింద తీసుకుంటాను. ఫారం నమూనాలు వెనక బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. టేపు ఎవరి దగ్గరుంది? మీ దగ్గరా, అన్నా? పదండి, ఓపెన్ ఆడిటోరియం గేటు కొలుద్దాం. తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అక్కడే అడుగుదాం.